గుమ్మడికాయ తేలుతుందా, మునుగుతుందా? ఆటపాటల క్లాసులో చదువు ఎక్కడుంటుంది

స్కూళ్లు తెరిచిన కొన్నాళ్లకే నర్సరీ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వస్తుంది. "శుక్రవారం ఎల్లో డే. పిల్లల్ని పసుపు రంగు బట్టల్లో పంపండి. పసుపు రంగు పండు ఒకటి తప్పనిసరి." గురువారం రాత్రి ఇంట్లో ఎల్లో టీషర్టు కోసం బీరువా అంతా తిరగేస్తారు. మర్నాడు అరటిపండ్లు, నిమ్మకాయలు బల్ల మీద పేర్చి, వెనక బెలూన్లు కట్టి, పిల్లల్ని వరసగా నిలబెట్టి ఫొటోలు తీస్తారు. మధ్యాహ్నం భోజనాల వేళకి ఆ ఫొటోలు గ్రూపులోకి వచ్చేస్తాయి.

ఇదేమీ నేరం కాదు. పిల్లలకి సరదాగానే ఉంటుంది. కానీ ఆ రోజు ఎవరు ఏం చేశారో ఒకసారి చూడండి. పండ్లు పేర్చింది టీచర్. బెలూన్లు ఊదింది ఆయా. టీషర్టు వెతికింది అమ్మ. మూడేళ్ల పిల్ల చేసిన పనల్లా ఫొటోకి నిలబడటం. అరటిపండు తొక్క వలవలేదు, నిమ్మకాయ పిండి చూడలేదు, పసుపు కొమ్ముని తడి రాయి మీద అరగదీయలేదు.

థీమ్ పెట్టి, అంటే ఒకే అంశం చుట్టూ అన్నీ అల్లి, చదువు చెప్పడం అనే మాట ఇప్పుడు ప్రతి ప్లేస్కూల్ బ్రోచర్లోనూ ఉంది, ప్రభుత్వ పత్రాల్లోనూ ఉంది. 2020 జాతీయ విద్యా విధానం 3 నుంచి 8 ఏళ్ల వయసుని పునాది దశగా విడగొట్టింది. ఆ దశకి 2022 అక్టోబరులో వచ్చిన పాఠ్య ప్రణాళిక చట్రం ఆటనే కేంద్రంగా పెట్టుకుంది. 2023 ఫిబ్రవరిలో ‘జాదూయీ పిటారా’ పేరుతో బొమ్మలు, పజిల్స్, పప్పెట్లు, కథల పుస్తకాలతో ఒక పెట్టె కూడా విడుదలైంది. అయినా తల్లిదండ్రుల్లో అయోమయం తగ్గలేదు. ఆడుకోవడానికి అంత ఫీజెందుకని ఒకరు, ఈ వయసులో ఆడిస్తే చాలు ఇంకేం వద్దని ఇంకొకరు అంటారు. ఆట అంటే అంతా ఒకటేనని ఇద్దరూ అనుకుంటున్నారు. తేడా అంతా పిల్లల చేతికి ఏం ఇస్తున్నాం, ఇచ్చాక ఏం అడుగుతున్నాం అన్న దగ్గరే వస్తుంది. థీమ్ దానికి ఒక సాకు, అంతే.

కూరగాయల థీమే తీసుకుందాం. కావలసినవి ఒక ప్లాస్టిక్ టబ్బు, సగానికి పైగా నీళ్లు, రైతుబజార్లో దొరికే నాలుగైదు రకాలు: బంగాళాదుంప, క్యారెట్, వంకాయ, క్యాప్సికం, ఒక చిన్న గుమ్మడికాయ. ముందు ఒక్కొక్కటీ పిల్లల చేతుల మీదుగా తిరగాలి. బరువు చూడాలి, వాసన చూడాలి, వంకాయ ముచ్చిక దగ్గర ముల్లు గుచ్చుకుంటే ‘అబ్బా’ అనాలి. అప్పుడు టీచర్ బంగాళాదుంప పట్టుకుని, "నీళ్లలో వేస్తే ఏమవుతుంది?" అని అడుగుతుంది. మునుగుతుందన్నవాళ్లు కిటికీ వైపు, తేలుతుందన్నవాళ్లు తలుపు వైపు వెళ్లి నిలబడతారు. వేస్తే బుడుంగున మునుగుతుంది. కిటికీ వైపు కేరింతలు.

తర్వాత గుమ్మడికాయ. ఇది రెండు చేతులతో ఎత్తితే గానీ లేవలేదు కాబట్టి ఈసారి దాదాపు అందరూ కిటికీ దగ్గరికే పరిగెత్తుతారు. నీళ్లలో పెడితే అది హాయిగా తేలుతుంది. ఇలా జరుగుతుందని ఎవరూ అనుకోలేదు. ఎవడో ఒకడు ముందుకొచ్చి అరచేత్తో నొక్కి ముంచేస్తాడు, చెయ్యి తీయగానే అది మళ్లీ పైకి లేస్తుంది. ఇక అందరూ నొక్కాలి. టబ్బు చుట్టూ నీళ్లు, తడిసిన చొక్కాలు. ఆ నొక్కే అరచేతికి నీరు కింద నుంచి తోస్తున్న బలం తెలుస్తుంది. దానికి ఆర్కిమెడిస్ పేరు హైస్కూల్లో చెబుతారు, కానీ చేతికి అది ఇప్పుడే తెలిసింది.

ఎందుకు తేలింది అని అడిగితే "దానికి ఈతొచ్చు" అనే నాలుగేళ్ల పిల్ల ఒకతి తప్పకుండా ఉంటుంది. తప్పని చెప్పక్కర్లేదు. "మరి బంగాళాదుంపకి ఎందుకు రాలేదమ్మా?" అని అడిగితే చాలు, ఆలోచన మొదలవుతుంది. తర్వాత గుమ్మడికాయని కోసి చూపిస్తే లోపల గింజలు, పీచు, బోలెడు ఖాళీ. క్యాప్సికం కోసినా అంతే. ఇక్కడ టీచర్ చేయగల పెద్ద పొరపాటు ఒకటుంది: టబ్బు తెచ్చే ముందే "పిల్లలూ, బరువున్నవి మునుగుతాయి, తేలికైనవి తేలుతాయి" అని పాఠం చెప్పేయడం. అది పాఠంగానూ తప్పే. గుమ్మడికాయ ఆ మాటని అక్కడికక్కడే కొట్టేస్తుంది.

ఈ అరగంటలో లెక్కలు, సైన్సు, భాష అని పీరియడ్లు లేవు. ఒక ఊహ చెప్పడం, పరీక్షించి చూడటం, ఊహ తప్పితే మార్చుకోవడం ఉన్నాయి. బరువు, తేలిక, మునగడం, తేలడం, బోలు అనే మాటలు వస్తువుతో సహా పిల్లలకి వచ్చాయి. తన వంతు వచ్చేదాకా ఆగడం కూడా ఇందులోనే ఉంది, మూడేళ్లవాళ్లకి అన్నిటికన్నా కష్టమైనది అదే.

లెక్కల దగ్గర ఇంకా మెలికలున్నాయి. ఇరవై దాకా గడగడా అప్పజెప్పే మూడున్నరేళ్ల పిల్లాడిని "నాలుగు సీసా మూతలు ఇవ్వు" అని అడగండి. గుప్పెడు తీసి చేతిలో పోయొచ్చు. అంకెల వరస నోటికి రావడం ఒకటి, చివర చెప్పిన అంకే మొత్తం ఎన్నో చెబుతుందని తెలియడం ఇంకొకటి. రెండోది రావడానికి వస్తువులు వేళ్ల మధ్య నుంచి కదలాలి. మన వామనగుంటల పీట సరిగ్గా ఆ పనే చేయిస్తుంది. పద్నాలుగు గుంటలు, ఒక్కో గుంటలో ఒక్కో చింతపిక్క వేసుకుంటూ పోవాలి. ఒక గుంట వదిలేసినా, ఒక గుంటలో రెండు పడినా ఆట చెడుతుంది, పక్కనున్నవాడు ఊరుకోడు. ఏ వర్క్‌షీటూ అంత గట్టిగా సరిదిద్దదు. (చిన్న పిల్లలకి మాత్రం పిక్కలు వద్దు. ముక్కులో, చెవిలో దూర్చుకున్న గింజల కథలు ఏ ఈఎన్‌టీ డాక్టర్ని అడిగినా చెబుతారు. వాళ్లకి పెద్ద సీసా మూతలు చాలు. పెద్ద పిల్లలకైనా పక్కన ఒకరు కూర్చునే ఆడించాలి.)

ఇంట్లో చేసి చూడదగ్గది ఇంకొకటి చెబుతాను. రెండు వరసల్లో ఆరేసి పిక్కలు ఎదురెదురుగా పెట్టి, రెండూ సమానమేనని పిల్ల చేత అనిపించండి. తర్వాత ఒక వరసలోని పిక్కల్ని కాస్త ఎడంగా జరపండి. "ఇప్పుడు ఎక్కడ ఎక్కువున్నాయి?" అంటే నాలుగైదేళ్ల పిల్లల్లో చాలామంది పొడుగు వరసనే చూపిస్తారు. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జీన్ పియాజే ఈ పరీక్షతో, దాదాపు ఆరేడేళ్లు వచ్చేదాకా సంఖ్య మారదన్న అవగాహన నిలకడగా రాదని తేల్చాడు. అయితే 1974లో బ్రిటన్‌లో ఇద్దరు పరిశోధకులు చిన్న మార్పు చేశారు. వరసను పెద్దవాళ్లు కాకుండా ఒక అల్లరి టెడ్డీ బొమ్మ వచ్చి చెదరగొట్టినట్టు ఆడించారు. అప్పుడు సరిగ్గా చెప్పిన పిల్లలు బాగా పెరిగారు. పెద్దవాళ్లు కావాలని జరిపి మళ్లీ అదే ప్రశ్న అడిగితే, ఏదో మారిందని చెప్పాలేమో అని పిల్లలు అనుకుంటారని ఒక వివరణ. బొమ్మ అల్లరి చేసి పోతే ఆ టెన్షన్ లేదు. పిల్లలకి వచ్చింది బయటపడాలన్నా ఆట కావలసి వస్తుందనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

భాష సంగతికి వస్తే, తెలుగు పిల్లలకి ఒక సౌకర్యం ఉంది. మన లిపి అక్షరానికీ, నోట్లో పలికే ముక్కకీ దగ్గరి పొంతన ఉంటుంది. కూరగాయల పేర్లకి చప్పట్లు కొట్టించండి. కం-ద, రెండు. ట-మా-టా, మూడు. బెం-డ-కా-య, నాలుగు. గు-మ్మ-డి-కా-య, ఐదు. ఏ కూరగాయకి ఎక్కువ చప్పట్లు అని పందెం పెడితే ఐదేళ్లవాళ్లు వంటింట్లో ఉన్నవన్నీ లాక్కొస్తారు. తర్వాత ‘క’తో మొదలయ్యేవి ఒక బుట్టలో వేయించవచ్చు: కాకరకాయ, కరివేపాకు, కొత్తిమీర, క్యారెట్. పలక పట్టకముందే మాటని ముక్కలుగా వినడం వస్తే, తర్వాత అక్షరాలు నేర్పడం చాలా తేలికవుతుంది. ఇంగ్లిష్ మీడియం ప్లేస్కూళ్లలో ఈ ఆట ఆడించకుండా నేరుగా ‘ఏ ఫర్ యాపిల్’ దగ్గరికి పోవడం నాకు వృథాగా అనిపిస్తుంది. ఇంట్లో మాట్లాడే భాషలో ఆ చెవి తయారైతే రెండో భాషకీ పనికొస్తుంది.

ఆట ద్వారా నేర్పడం ఈమధ్య పుట్టుకొచ్చిన ఫ్యాషనేమీ కాదు. జర్మనీలోని బాడ్ బ్లాంకెన్‌బర్గ్‌లో విద్యావేత్త ఫ్రోబెల్ 1837లోనే చిన్నపిల్లల కోసం కేంద్రం తెరిచి, నూలు బంతులు, చెక్క గోళం, స్తూపం, ఘనం లాంటివి వరసగా పిల్లల చేతికిచ్చాడు. కిండర్‌గార్టెన్ అనే పేరు ఆయన పెట్టిందే. ఒక పని చుట్టూ చదువంతా అల్లడం మన దగ్గర గాంధీ 1937లో వార్ధాలో ముందుకు తెచ్చిన నయీ తాలీంలో ఉంది. నూలు వడుకుతూనే లెక్కలు, భూగోళం, చరిత్ర. మహారాష్ట్ర తీరంలోని బోర్డీలో తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్ అనే ఇద్దరు విద్యావేత్తలు పల్లెపిల్లల దగ్గరికే బడిని తీసుకుపోయారు. పిల్లలు బడికి రాకపోతే వాళ్ల వాకిట్లోనే బడి పెట్టడమన్న ఆలోచన అక్కడిదే. ఇవాళ మనం అంగన్‌వాడీ అంటున్న దానికి మూలం అది. ఇటలీ విద్యావేత్త మరియా మాంటిసోరి 1939లో మద్రాసు అడయారుకి వచ్చి, యుద్ధం వల్ల ఏళ్ల తరబడి మన దేశంలోనే ఉండిపోయి, టీచర్లకి శిక్షణ ఇచ్చారు. ఆమె పిల్లలు చేసేదాన్ని ఆట అనలేదు, పని అన్నారు. గది నిండా కార్టూన్లు అతికించి గేటు మీద ‘మాంటిసోరి’ అని బోర్డు పెట్టిన స్కూళ్లని చూస్తే ఆమె ఏమనేవారో.

పుస్తకాల్లో తేలిగ్గా రాసేసి క్లాసులో కష్టమయ్యేది టీచర్ మాట. పిల్లలు బెండకాయ అడ్డంగా కోసిన ముక్కని రంగులో ముంచి కాగితం మీద అచ్చు వేస్తున్నారనుకోండి, నక్షత్రం లాంటి ముద్ర పడుతుంది. "ఇదేం రంగు? ఇదేం కూరగాయ?" అని అడిగితే ఒక్క మాటతో సంభాషణ అయిపోతుంది. ఆ ప్రశ్నలకి జవాబు టీచర్‌కీ తెలుసు, పిల్లలకీ తెలుసు. "వంకాయ ముక్కకి నక్షత్రం ఎందుకు రాలేదు?" అని అడిగి, పిల్లలు ఆలోచించేదాకా నోరు కట్టుకుని కూర్చోవడమే అసలు పని. పాతికమంది అరుస్తుంటే ఆ నాలుగు క్షణాలు యుగంలా ఉంటాయి. అందుకే చాలామంది జవాబు తామే చెప్పేస్తారు.

ఇంకోవైపు, వస్తువులు ఇచ్చేసి టీచర్ రిజిస్టర్లు రాసుకుంటూ కూర్చుంటే కూడా ఆశించినంత జరగదు. వాళ్లంతట వాళ్లు ఆడుకునే సమయం వేరే ఉండాలి, అందులో ఎవరూ వేలు పెట్టకూడదు. కానీ ఒక ఉద్దేశంతో పెట్టిన ఆటలో పెద్దవాళ్లు పక్కన ఉండి, ఆట తాడు పిల్లల చేతుల్లోనే ఉంచి, అప్పుడప్పుడు ఒక ప్రశ్న వేయాలి.

అంగన్‌వాడీల్లో ఇదంతా కుదిరేపనేనా? 1975 అక్టోబరు 2న మొదలైన ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి పథకం) కింద ఇప్పుడు దేశంలో దాదాపు 14 లక్షల కేంద్రాలున్నాయి. టీచర్ ఒక్కరే. పిల్లల బరువులు, పోషణ్ ట్రాకర్ యాప్‌లో నమోదు, గుడ్లు, పాలు, గర్భిణుల వివరాలు, మధ్యలో సర్వేలు. ఇవన్నీ చూసుకుంటూ మూడేళ్ల నుంచి ఆరేళ్ల దాకా ఉన్న పిల్లలందరికీ ఒకే గదిలో చెప్పాలి. 2024 మార్చిలో వచ్చిన ‘ఆధార్‌శిల’ అనే జాతీయ పాఠ్యక్రమం ఏడాదిని 48 వారాలుగా విభజించింది. మొదటి నాలుగు వారాలు ఇంటి నుంచి వచ్చిన పిల్ల ఏడుపు మాని అలవాటు పడటానికి, 36 వారాలు ఆట, కథ, మాట, బొమ్మల పనికి, మిగతా ఎనిమిది నేర్చుకున్నది గట్టిపరచడానికి. కాగితం మీద ప్రణాళిక బాగుంది. ఆ పని చేయడానికి టీచర్‌కి రోజులో రెండు గంటలు ప్రశాంతంగా దొరకడమే అసలు సమస్య, దాన్ని ఏ పాఠ్యక్రమమూ తీర్చలేదు.

అయితే వయసులు కలిసి ఉండటం థీమ్‌కి అడ్డం కాదు, నిజానికి కలిసొస్తుంది. ఒకే బుట్ట కూరగాయలతో మూడేళ్ల పిల్ల కళ్లకి గంత కట్టించుకుని బీరకాయ గీతలు తడిమి పేరు చెబుతుంది. నాలుగేళ్లవాడు పొడుగువి, గుండ్రంటివి అని వేరు చేస్తాడు. ఆపై "రంగుని బట్టి వేరు చెయ్యి" అంటే అవే కూరగాయలు కొత్త గుంపుల్లోకి పోతాయి, అదొక పెద్ద మెట్టు. ఐదున్నరేళ్లవాళ్లు సంత పెడతారు. కాగితం ముక్కల మీద గీతలు గీసి ధరలు అంటారు, తూకం వేస్తారు, "తగ్గించండి" అని బేరమాడతారు. చిన్నవాళ్లు పెద్దవాళ్లని చూసి కొనడానికి వస్తారు. వయసుల వారీగా గదులు వేరు చేసిన ఖరీదైన స్కూల్లో ఈ సంత ఇంత బాగా సాగదు.

ఇక ప్రతి మీటింగులోనూ వచ్చే ప్రశ్న: "మావాడు ఎప్పుడు రాస్తాడు?" పక్కింటి పిల్ల ఎల్‌కేజీలోనే పేజీలకు పేజీలు రాస్తుంటే ఆ ఆదుర్దా ఉండక మానదు. కానీ మూడు నాలుగేళ్ల వయసులో మణికట్టులోని చిన్న ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండవు, వేళ్ల కండరాలకి పట్టు రాదు. చిక్కుడుకాయ ఈనె తీసి గింజలు వొలవడం, చపాతీ పిండి నొక్కడం, కొత్తిమీర ఆకులు తుంచడం, కత్తెరతో కాగితం కత్తిరించడం, ఇవన్నీ పెన్సిల్ పట్టే వేళ్లకి కసరత్తులే. అలాగని ఆటలో పడి అక్షరాలు వాటంతట అవే వచ్చేస్తాయని చెప్పే స్కూళ్లనీ నమ్మక్కర్లేదు. చెవి, చేయి సిద్ధమయ్యాక చదవడం, రాయడం ఒక వరసలో, ఓపికగా నేర్పవలసిందే. ఆట ఆ సిద్ధం చేసే పని చేస్తుంది.

పిల్లని చేర్పించే ముందు స్కూలు చూడటానికి వెళితే ఏసీ, సీసీటీవీ కన్నా ముందు గోడలు చూడండి. పాతిక బాతు బొమ్మలు అతికించి, పాతికా అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటే, అవి టీచర్ కత్తిరించినవి. ఒక బాతుకి మూడు కాళ్లు, ఇంకోదానికి కళ్లు తోక దగ్గర ఉంటే, అవి పిల్లలవి. వస్తువులు పిల్లలకి అందే ఎత్తులో ఉన్నాయా, గాజు బీరువాలో తాళం వేసి ఉన్నాయా చూడండి. "నిన్న పదకొండింటికి ఈ గదిలో ఏం చేశారు?" అని టీచర్‌ని అడగండి. థీమ్ పేరు మాత్రం చెబితే ఇంకాస్త అడగండి. ఏ పిల్ల ఏమందో, ఎవరు ఏ పని దగ్గర చిక్కుకున్నారో నవ్వుతూ చెప్పగలిగితే ఫారం తీసుకోవచ్చు.